తెరచాపల పండుగ

తెలుగునాట చెరువు లేని ఊరు అరుదు. ఓరుగల్లు సీమయందు ఈ మాట మరింత నిజము. కాకతీయ ప్రభువులును, వారి సామంతులును ఎనిమిది వందల యేండ్ల క్రిందట కట్టించిన రామప్ప, లక్నవరము, పాకాల చెరువులు నేటికిని పొలములను తడుపుచు నిలిచియున్నవి. పరకాల ప్రాంతపు బాలబాలికలకు చెరువుకట్టపై నడచుట, తూము చెంత నిలిచి నీటి హోరు వినుట, జాలరులు తెప్పలపై సాగి వలలు విసరుట చూచుట చిన్ననాటి నుండియు అలవాటైన వేడుకలు. చలివాగు నిండినదని విన్న దినమున రైతు మొగము వికసించును. నీరు మనకు అన్నము పెట్టు తల్లి.

ఆ తల్లియే ఒక్కొకప్పుడు ఉగ్రరూపము దాల్చును. పరకాల మీదుగా భూపాలపల్లికి పోవు దారిలో మోరంచపల్లి యను గ్రామము కలదు. 2023 వ సంవత్సరము జూలై 27 వ తేదీ తెల్లవారుజామున, ఎడతెగని వానలకు మోరంచవాగు పొంగి ఆ యూరిని ముంచివేసెను. జనులు మిద్దెలపైకిని, చెట్లపైకిని ఎక్కి, ప్రాణములు అరచేత పట్టుకొని సహాయమునకై ఎదురుచూచిరి. జాతీయ విపత్తు సహాయదళమువారు మరపడవలతో వచ్చిరి. హెలికాప్టరులును వచ్చినవి. చాలమంది క్షేమముగా ఒడ్డు చేరిరి. కొందరిని మాత్రము ప్రవాహము పొట్టన బెట్టుకొనెను. పడవ నడుపుట యెరిగినవాని చేయి ఎంత విలువైనదో ఆ దినమున ఈ ప్రాంతమువారికి తెలిసివచ్చినది.

పడవ నడుపుట యొక విద్య. ఈతవలెనే దానిని గూడ ఆటలాడుచు చిన్ననాటనే నేర్వవచ్చును. అట్టి యాటకు ఏటేట జరుగు పండుగ యొకటి మన రాజధానియైన హైదరాబాదులో కలదు. వానాకాలమున హుస్సేన్‌సాగరముపై తెరచాప పడవల పందెములు జరుగుచుండును. ఆ పందెములెట్టివి, వానికి వచ్చువారెవరు, వానివలన మనము నేర్వదగిన దేమి యను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

హుస్సేన్‌సాగరము 1562 వ సంవత్సరమున ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో నిర్మింపబడినది. హుస్సేన్ షా వలీ యను మహనీయుడు దాని నిర్మాణమును పర్యవేక్షించుటచే ఆ తటాకమునకు ఆయన పేరు కలిగెను. మూసీనది నీటిని కాలువగుండ రప్పించి దానిని నింపిరి. హైదరాబాదు నగరము వెలసినది 1591 లో. కావున వయసున నగరము కంటె చెరువే పెద్దది. 1930 ప్రాంతము వరకు ఆ నీరు నగరవాసులకు త్రాగునీరుగా ఉపయోగపడెను. హైదరాబాదునకును సికింద్రాబాదునకును నడుమనున్న ఆ కట్టను నేడు ట్యాంకుబండు అని పిలుచుచున్నారు. సాయంకాలమున గాలికొరకు దానిపై విహరించువారు వేలకొలది. ఆ గాలియే తెరచాప పడవలకు ప్రాణము.

జూన్ మాసమునుండి నైరృతి ఋతుపవనములు దక్కను పీఠభూమిపై వీచును. ఆ గాలి కొన్ని నెలలపాటు నిలకడగా వీచుటచే జూలై నెల పందెములకు అనువైనది. సైన్యమునందలి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళమునకు చెందిన సెయిలింగ్ సంఘమువారు జరుపు 'హైదరాబాద్ సెయిలింగ్ వారము' ఈ కాలముననే జరుగును. 2009 లో సుహీమ్ షేక్ అను క్రీడాభిమాని స్థాపించిన హైదరాబాద్ యాట్ క్లబ్బువారు బాలబాలికల కొరకు 'మాన్‌సూన్ రెగట్టా' అను పోటీని నడుపుచున్నారు. రెగట్టా యనగా పడవ పందెముల వరుస. ఈ పోటీలకు భారత యాటింగ్ సంఘముయొక్క గుర్తింపు కలదు.

ఈ పండుగకు వచ్చువారు పలు తావులవారు, పలు తెగలవారు. సైనికులు వత్తురు, నావికాదళమువారు వత్తురు. చెన్నై, ముంబాయి, గోవా వంటి సముద్రతీర నగరములనుండి క్రీడాకారులు వత్తురు. సముద్రము కంటను గానని భోపాలు వంటి నగరములనుండియు పిల్లలు వత్తురు. భోపాలులో పెద్ద చెరువు కలదు, అది చాలును. పదేండ్ల బాలిక యొకవైపు తన చిన్న పడవకు తెరచాప కట్టుకొనుచుండ, మరియొకవైపు ఒలింపిక్ క్రీడలను లక్ష్యముగా గొన్న సైనికుడు త్రాళ్ళను సరిచూచుకొనుచుండును. ఒడ్డున తల్లిదండ్రులు, శిక్షకులు, న్యాయనిర్ణేతలు, వైద్యులు, పడవలను బాగుచేయువారు, వంటవారు ఎవరి పనిలో వారుందురు. గాలి లేనిచో అందరును ఒక్కరీతిగా ఆకాశమువైపు చూచుచు కూర్చుండవలసినదే. సేనాపతియైనను గాలిని ఆజ్ఞాపింపలేడు. ఓర్పు ఈ యాటలో మొదటి పాఠము.

పిల్లలు నడుపు పడవ పేరు ఆప్టిమిస్టు. ఆశావాది యని దాని యర్థము. అమెరికా దేశమునందలి ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అను పడవల శిల్పి 1947 లో దీనిని రూపొందించెను. సామాన్యుల పిల్లలు గూడ కొనగలిగినంత చవుకగా, ఇంటిలోనే చేసికొనగలిగినంత సులభముగా నుండవలెనని ఆయన తలచెను. అంగడిలో దొరకెడి ఎనిమిదడుగుల ప్లైవుడ్డు పలకలతో అతుకులు లేకుండ చేయుటకై పడవ పొడవును ఎనిమిదడుగులకు కొంచెము లోపుగా ఉంచెను. చూచుటకు అది ముక్కు కోసిన పెట్టెవలె నుండును. పదునైదేండ్ల లోపు వారికది మొదటి బడి. పెద్దవారు నడుపు పడవలలో లేజరు ప్రసిద్ధమైనది. దానిని రూపొందించినవాడు బ్రూస్ కిర్బీ యను కెనడా దేశీయుడు. అది 4.2 మీటరుల పొడవు గలిగి ఒక్కరే నడుపునట్టిది. 1996 నుండి ఒలింపిక్ క్రీడలలో దానికి చోటు లభించినది. ఆ పడవకు మూడు కొలతల తెరచాపలు కలవు. బాలురకు చిన్నది, తేలికైన వారికి నడిమిది, బలిష్ఠులకు పెద్దది. పడవ యొక్కటియే, తెరచాప మాత్రము మనిషి బలమునుబట్టి మారును.

ఈ పడవలకు ఇంజను లేదు, తెడ్డు లేదు. గాలి, తెరచాప, చుక్కాని, మనిషి శరీరపు బరువు, ఇవియే సాధనములు. గాలి వెనుకనుండి వీచినప్పుడు పడవ ముందునకు పోవుటలో వింత లేదు. గాలికి ఎదురుగా పోవుట యెట్లు? ఏ పడవయు గాలికి సూటిగా ఎదురేగలేదు. కాని దానికి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణమున పోగలదు. వంపుగా నిలచిన తెరచాప గాలిని మలచి పడవను లాగుకొనిపోవును. పడవ నడుమనుండి నీటిలోనికి దించిన పలక అది ప్రక్కకు జారకుండ అడ్డుకొనును. కొంతదూరము కుడివైపు ఏటవాలుగా పోయి, మరల మలిపి ఎడమవైపు ఏటవాలుగా పోవుచు, కొండదారిలో మెలికలు తిరుగు బండివలె నావికుడు గాలికి పైగా చేరును. ఎదురుగాలిలో నిలుచుటకు మొండితనము చాలదు, ఉపాయము కావలెను. హుస్సేన్‌సాగరము చుట్టును ఎత్తైన కట్టడములుండుటచే గాలి తరచు దిక్కు మార్చుకొనును. ఏ మూలనుండి గాలి వచ్చునో నీటిపై కదలెడి నల్లని మడతలను చూచి గ్రహింపవలెను. చదువనేర్చిన కన్నులకు చెరువే పుస్తకము.

పడవ ఎక్కిన పిల్లవానికి తొలుదొలుత నేర్పునది పడవను బోర్లవేయుట! ఇది వినుటకు వింతగా తోచును. శిక్షకుని కన్నుల యెదుట పడవను కావలెననియే తలక్రిందులు చేసి, పిల్లలు నీటిలో బడుదురు. పిమ్మట అడుగున పైకి లేచియున్న పలకపై బరువు మోపి, దానిని మరల నిలబెట్టి, ఎక్కి, నీటిని తోడిపోయుదురు. పడుట యెరిగినవానికి పడుదునేమో యను భయముండదు. భయము లేనివాడు ఆపదలో తొందరపడడు. రక్షక కవచము, అనగా లైఫ్ జాకెట్టు, తొడుగనిదే పిల్లలలో ఒక్కరిని గూడ నీటిపైకి పోనీయరు. ఈత బాగుగా వచ్చినవానికిని ఈ నియమమే. ఏలయన, తలకు దెబ్బ తగిలి స్మృతి తప్పినవానికి ఈత గుర్తుండదు. కవచము మాత్రము తన పని తాను చేయును.

పందెపు దినమున నీటిపై ఒక గీత ఊహింపబడును. ఆ గీతకు ఒక కొనయందు నిర్వాహకుల పడవ లంగరు వేసి నిలుచును; రెండవ కొనయందు తేలెడి గుర్తొకటి యుండును. పందెమునకు ఐదు నిమిషముల ముందు మొదటి జెండా ఎగురును, మ్రోత వినబడును. నాలుగు నిమిషములకు మరియొక జెండా లేచును. ఒక నిమిషము మిగిలినప్పుడు ఆ రెండవ జెండా దిగును. కాలము పూర్తియైన వెంటనే మొదటి జెండా దిగును, పందెము మొదలగును. నిలిచియున్న పరుగుపందెగాని వలె పడవ గీతపై కదలకుండ నిలువలేదు. అందుచే ఆ ఐదు నిమిషములును పడవలన్నియు తేనెటీగలవలె గీత వెనుక తిరుగుచు, సరిగా ఆ క్షణమునకే గీత దాటవలెనని లెక్కవేసికొనుచుండును. ముందుగా దాటినవాడు వెనుకకు వచ్చి మరల బయలుదేరవలెను. అటుపిమ్మట గాలి వచ్చు దిక్కుననున్న గుర్తును చుట్టి, మిగిలిన గుర్తులను వరుసగా చుట్టి గమ్యము చేరవలెను.

మార్కుల లెక్క గూడ విచిత్రమైనది. బడిలో ఎక్కువ మార్కులు వచ్చినవాడు మొదటివాడు. ఇచ్చట తక్కువ మార్కులు వచ్చినవాడే విజేత. మొదట చేరినవానికి ఒకటి, రెండవవానికి రెండు, పదవవానికి పది. కొన్ని దినములు జరిగిన పందెములన్నిటిని కూడగా ఎవరి మొత్తము తక్కువయో వారిదే గెలుపు. పందెములు పెక్కు జరిగినచో ప్రతివానికిని తన చెడ్డ ఫలితము నొకదానిని తీసివేసికొను వీలు కల్పింతురు. ఒక్క దినపు దురదృష్టము వారపు కృషిని తుడిచివేయరాదని దాని భావము.

ఇంతకంటె మిన్నయైనది మరియొక నియమము. విశాలమైన నీటిపై నలువది పడవలు తిరుగుచుండగా ప్రతి పడవ చెంతను న్యాయనిర్ణేత ఉండుట సాధ్యము గాదు. ఒకని పడవ గుర్తును తాకెననుకొనుడు. అతడు తనకు తానే ఒక ప్రదక్షిణము చేసి పడవను త్రిప్పుకొనవలెను. దారి ఇయ్యవలసినవానికి ఇయ్యక అడ్డుపడినచో రెండు ప్రదక్షిణములు. ఈ శిక్ష విధించువాడు తానే, అనుభవించువాడు తానే. శిక్ష తీరునంతలో అయిదారు పడవలు ముందునకు పోవచ్చును. అయినను ఎవరును చూడలేదని మిన్నకున్నవాడు మంచి నావికుడనిపించుకొనడు. పరీక్షాశాలలో పర్యవేక్షకుడు బయటికి పోయినప్పుడు విద్యార్థి ఎట్లుండునో, నడిచెరువులో నావికుడు అట్లుండును. తగవు వచ్చినప్పుడు సాయంకాలము ఒడ్డున విచారణ జరుగును. ఇరువురి మాటలును, సాక్షుల మాటలును విని పెద్దలు తీర్పు చెప్పుదురు.

ఇంతవరకు తెరచాప పడవల సంగతి చెప్పితిమి. ఈ పండుగలో బహుమతి నొందని పడవలు మరికొన్ని కలవు. అవి మరపడవలు. తెల్లవారగానే అవి మొదట నీటిలో దిగును. ఒడ్డుకు చివరగా చేరును. ఒకటి గుర్తులను మోసికొనిపోయి తగిన చోట లంగరు వేయును. గాలి దిక్కు మారినచో గుర్తునుగూడ మార్చును. ఒకటి న్యాయనిర్ణేతలను మోయును. ఒడలు ఊపి అక్రమముగా పడవను తోయువానిని చూచి వారు ఈల వేసి పసుపుపచ్చ జెండా చూపుదురు. మిగిలినవి రక్షక పడవలు. అవి పందెపు బాటకు ఎడముగా, మెల్లగా, తమ అలలచే చిన్న పడవలకు ఇబ్బంది కలుగకుండ తిరుగుచు కాచుకొనియుండును.

రక్షక పడవను నడుపువానికి కఠినమైన నియమములు కలవు. ఇంజను మీటకు తగిలించిన త్రాటి కొనను తన కాలికో చేతికో చుట్టుకొనవలెను. అతడు జారి నీటబడినచో ఆ త్రాడు ఊడి ఇంజను వెంటనే ఆగిపోవును. లేనిచో నడుపువాడు లేని పడవ గుండ్రముగా తిరుగుచు అతనినే గాయపరచును. నీటిలోనున్న మనిషి చెంతకు చేరినంతనే ఇంజను ఆపవలెను; నీటి క్రింద తిరుగు రెక్కలు కత్తులవంటివి. పడవ బోర్లపడినచోట మొదట తలలు లెక్కింపవలెను. మనుషులందరును దొరకిన పిమ్మటనే పడవ మాట. ఎంత వెలగల పడవయైనను దానిని విడిచి మనిషిని ఎక్కించుకొనవలెను. సాయంకాలమున ఎన్ని పడవలు నీటిపైకి పోయెనో అన్నియు తిరిగివచ్చెనని సరిచూచినగాని రక్షకుల పని ముగియదు.

మరపడవలు తమలో తాము పందెమాడుటయు కలదు. 2018 నవంబరు 16 నుండి 18 వరకు విజయవాడ కడ కృష్ణానదిపై ప్రపంచ ఫార్ములా-1 మరపడవల పోటీ నడచినది. జంట పొట్టలు గల ఆ తేలిక పడవలు గంటకు 200 కిలోమీటరులకు మించిన వేగముతో నీటిని తాకియు తాకనట్లు దూసుకొనిపోవుచుండ, ఘట్టములపై నిలిచి వేలకొలది జనులు చూచిరి. అది కన్నులకు విందు. అంతటి వేగముగల ఆ పందెమునందును రక్షక పడవలు సిద్ధముగా లేనిదే జెండా ఊపరు. ఎంత వేగముగ పోవు పడవకైనను, తనకొరకు మెల్లగా కాచుకొనియున్న పడవ యొకటి అవసరమే.

పడవ పందెముల నియమావళిలో మొట్టమొదటి నియమము గెలుపును గూర్చినది గాదు. ఆపదలోనున్న మనిషికైనను పడవకైనను ప్రతి పోటీదారుడును తన శక్తికొలది సహాయపడవలెనని అది శాసించుచున్నది. ఈ నియమము అక్షరములలోనే నిలిచిపోలేదనుటకు 1988 నాటి సియోల్ ఒలింపిక్ క్రీడలలో జరిగిన యొక సంఘటన సాక్ష్యము.

ఆ యేడు సెప్టెంబరు 24 వ తేదీన దక్షిణ కొరియాయందలి పూసాన్ తీరమున పడవ పందెములు జరుగుచుండెను. గాలి హఠాత్తుగా ఉధృతమై అలలు మనిషి నెత్తిని మించి లేచినవి. కెనడా దేశపు లారెన్స్ లెమ్యూ యనునతడు ఒంటరిగా నడుపు పడవల పందెమున రెండవ స్థానమున నుండెను. పతకము అతనికి దూరమున లేదు. అప్పుడతనికి వేరొక పందెమునకు చెందిన సింగపూరు పడవ యొకటి బోర్లపడి కనబడెను. ఒకడు పడవను పట్టుకొని వ్రేలాడుచుండెను. రెండవవాడు దూరముగా కొట్టుకొనిపోవుచుండెను. వారు తన పోటీదారులు గారు, తన దేశీయులు గారు. రక్షక పడవ వచ్చునని తలచి అతడు తన దారిని పోవచ్చును. కాని లెమ్యూ తన పడవను మలిపి, కొట్టుకొనిపోవువానిని మొదట తన పడవలోనికి లాగి, పిమ్మట రెండవవానిని చేరి, ఇరువురిని కాపాడెను. రక్షక పడవ వచ్చి వారిని తీసికొనిపోవువరకు వేచియుండి, తరువాత తన పందెమును కొనసాగించెను. అప్పటికి ఇరువది మందికి పైగా అతనిని దాటిపోయిరి; అతడు ఇరువదిరెండవవాడుగా గమ్యము చేరెను.

న్యాయనిర్ణేతలు జరిగినదానిని విచారించి, అతడు పందెమును విడిచినప్పుడు ఏ స్థానముననుండెనో ఆ రెండవ స్థానమునే అతనికి ఇచ్చిరి. అన్ని పందెములు ముగిసిన పిమ్మట అతనికి పతకము రాలేదు. పదునొకండవ స్థానము వచ్చెను. కాని ఒలింపిక్ సంఘమువారు క్రీడాధర్మమునకు గుర్తుగా పియరీ డి కూబర్టిన్ పతకమును అతనికి బహూకరించిరి. ఆ యేడు ఆ పందెమున బంగారు పతకము గెలిచినవాని పేరు నేడు జ్ఞాపకమున్నవారు కొలదిమంది. లెమ్యూ పేరు మాత్రము పడవ నేర్చుకొను ప్రతి పిల్లవానికిని శిక్షకులు చెప్పుచుందురు.

ఒకప్పుడు ఈ యాట ధనికులకును, సైనికాధికారులకును మాత్రమే అందుబాటులో నుండెను. హుస్సేన్‌సాగరమునకు సమీపముననున్న రసూల్‌పుర వంటి బస్తీల పిల్లలు ఆ నీటిని దినమును చూచియు దానిపై కాలు మోపి యెరుగరు. హైదరాబాద్ యాట్ క్లబ్బువారు బీదకుటుంబముల బాలబాలికలను చేరదీసి వారికి ఈతయు, పడవ నడుపుటయు నేర్పసాగిరి. ఆ విధముగా హుస్సేన్‌సాగరముపై శిక్షణ పొందిన కొంగర ప్రీతి 2023 లో చైనాయందలి హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ఇద్దరు కూడి నడుపు పడవ పోటీలో భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించెను. గాలి ఎవరి కులమును, ఎవరి తండ్రి సంపాదనను అడుగదు. తెరచాప త్రాడు చేతికి దొరకుటయే కష్టము. దొరకిన పిమ్మట నేర్పుదే పైచేయి.

ఇంతటి వేడుకకు చోటైన ఆ చెరువు కష్టములకు లోనుగాకపోలేదు. నగరపు మురుగునీరు పలు యేండ్లుగా దానిలో చేరినది. గుఱ్ఱపుడెక్క ఆకు పెరిగి నీటిని కప్పును. చుక్కానికి చుట్టుకొనిన సంచులను తీసివేయుటకు పందెము నడుమ పడవను ఆపవలసివచ్చునప్పుడు, ఒడ్డుననుండి చెత్త విసరిన చేయి ఎంత దూరము హాని చేయునో పిల్లలకు బోధపడును. నీటిని అలక్ష్యము చేసినచో ఏమగునో ఆ చెరువు మరియొకమారు గూడ నేర్పినది. 1990 మార్చి 10 వ తేదీన బుద్ధ విగ్రహమును పెద్ద పంటుపై నడిచెరువునకు తరలించుచుండగా అది మునిగి పలువురు అసువులు బాసిరి. విగ్రహమును పైకి తీసి 1992 డిసెంబరు 1 న నిలబెట్టగలిగిరి. పోయిన ప్రాణములను తేలేకపోయిరి.

ఓరుగల్లువారికి మరువరాని దినము మరియొకటి కలదు. 2019 సెప్టెంబరు 15 వ తేదీన గోదావరి వరదలో నుండగా పాపికొండల విహారమునకు పోవు మరపడవ కచ్చులూరు కడ బోర్లపడినది. దాదాపు 50 మంది ప్రాణములు కోల్పోయిరి. ఓరుగల్లు చెంతనున్న కడిపికొండ గ్రామస్థులు కొందరు అందుండిరి. విహారమునకని నవ్వుచు బయలుదేరినవారికొరకు ఇండ్లలో దీపములు పెట్టుకొని దినముల తరబడి ఎదురుచూచిరి.

కావున బాలబాలికలారా, మీరు లక్నవరమునకో రామప్పకో విహారయాత్రకు పోయి మరపడవ ఎక్కునప్పుడు కొన్ని సంగతులు మనసున నుంచుకొనుడు. రక్షక కవచము తొడిగి, దాని కట్లన్నియు బిగించుకొనుడు. ఉక్కగా నున్నదని నడుమ విప్పకుడు. పడవలో లేచి నిలువకుడు. వింత కనబడినదని అందరును ఒకేవైపునకు ఒరుగకుడు. బరువు ఒక ప్రక్కకు చేరినచో పడవ తన నిలకడను కోల్పోవును. పరిమితికి మించి జనమున్నచో ఎక్కుట మానుడు; వెనుకబడినవాడు పిరికివాడు గాడు. ఎవరైనను నీట మునుగుచుండుట చూచినచో ఈత రానివారు దూకరాదు; దూకినచో ఇరువురును మునుగుదురు. త్రాడు, పంచె, పొడవైన కఱ్ఱ చాచుడు. మూతగల ఖాళీ డబ్బానో, ఖాళీ బిందెనో విసరుడు. గట్టిగా కేకవేసి పెద్దలను పిలువుడు. అన్నిటికంటె ముందు, పెద్దల పర్యవేక్షణలో ఈత నేర్చుకొనుడు. బావిలోను చెరువులోను ఈత నేర్పగల పెద్దలు మన పల్లెలలో నేటికిని కలరు.

వాన కురిసి, గాలి వీచి, తెరచాపలు నిండి పడవలు బారులు తీరినప్పుడు చూపరుల కన్నులు ముందున్న పడవపైననే యుండును. అది సహజము. కాని ఆ బారునకు దూరముగా, ఒక మూల, చప్పుడు తగ్గించుకొని తిరుగు చిన్న మరపడవ యొకటి యుండును. దానిలోనివాడు ఏ పందెమును గెలువడు. అతని కన్నులు ముందున్నవానిని చూడవు. అందరికంటె వెనుకనున్న పిల్లవానిని చూచుచుండును.

ప్రశ్నలు

1. తెరచాప పడవ గాలికి ఎదురుగా ఎట్లు పోవును?
2. పడవ నేర్చుకొను పిల్లలకు మొదట పడవను బోర్లవేయుట నేర్పుటకు కారణమేమి?
3. ఎవరును చూడనప్పుడు గూడ నావికుడు తనకు తాను శిక్ష విధించుకొనుట యందలి గొప్పతనమును వివరింపుడు.
4. రక్షక పడవను నడుపువాడు పాటింపవలసిన నియమములను వ్రాయుడు.
5. లారెన్స్ లెమ్యూ పతకము పొందకయే కీర్తి నొందెను. ఎట్లు?
6. మీ యూరి చెరువునుగాని వాగునుగాని గూర్చి, దానివలన కలుగు మేలును, తీసికొనవలసిన జాగ్రత్తలను తెలుపుచు ఒక వ్యాసము వ్రాయుడు.